డాక్టరు సలహా: ఉప్పునీటి చేపలు, మానని వేలు

ప్రశ్న: నా వయస్సు 52. పదేళ్ళుగా చక్కెర వ్యాధికి బిళ్ళలు వాడుతున్నాను. కాలేజీలో చదివే మా అబ్బాయి సముద్రపు చేపల అక్వేరియం హాల్లో పెడతానంటున్నాడు. ఆ నీళ్ళవల్ల ఇంటిల్లిపాదికీ జబ్బులొస్తాయని మా ఆవిడ భయం. ఉప్పునీళ్ళలో క్రిములు చచ్చిపోవా? తొట్టె పెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నిరభ్యంతరంగా పెట్టవచ్చు. ఎదురుగా కూర్చుని చూసినందువల్ల ఏ జబ్బూ రాదు. అయితే తొట్టెలో చెయ్యి పెట్టే పని మీ అబ్బాయిదే కావాలి, మీది కాకూడదు. మీ ఆవిడ భయంలో కొంత నిజముంది.

ఉప్పుకు క్రిములు చచ్చేది ఊరగాయ జాడీలో. సముద్రపు నీటిలో లీటరుకు ఉండేది సుమారు 35 గ్రాముల ఉప్పు. ఆ పాటి ఉప్పు చాలా క్రిములను ఏమీ చేయదు. కొన్నిటికి అదే పుట్టిల్లు.

కొన్నేళ్ళ క్రితం నా దగ్గరకు ఓ యువకుడు వచ్చాడు. చూపుడువేలు మీద చిన్న బొడిపె. పెద్దగా నొప్పి లేదు. వారం రోజులకు మందు రాసి పంపాను. తగ్గలేదు. మరో నెలకు ముంజేతి మీద వరుసగా ఇంకో రెండు లేచాయి. ఫంగస్ అనుకుని మందు మార్చాను. అలా మూడు నెలలు గడిచాయి. ఒకనాడు, "రేపు రమ్మంటే కష్టమండీ, చేపల తొట్టె కడగాలి" అన్నాడు. అప్పటిదాకా, ఏం పని చేస్తావని అడిగానే తప్ప, ఇంట్లో ఏం పెంచుతావని నేను అడగలేదు. తప్పు నాదే.

ఆ బొడిపెలకు కారణం మైకోబాక్టీరియం మేరినమ్ అనే క్రిమి. క్షయ క్రిమికి దాయాది. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలోని సముద్రపు చేపలలో ఆరన్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని కనుగొన్నాడు. మంచినీటి తొట్టెలలో కూడా ఉంటుంది. ఇది 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. ఒంటి లోపలి వేడి దానికి పడదు. అందుకే చల్లగా ఉండే వేళ్ళనూ, ముంజేతులనూ పట్టుకుంటుంది. చర్మంమీది చిన్న గాటే దానికి ద్వారం. మనిషి నుంచి మనిషికి అంటదు. గాటు పడిన రెండు నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి నెలల తర్వాత, బొడిపె లేస్తుంది. అప్పటికి రోగి ఆ గాటు సంగతే మరచిపోతాడు.

అంచేత, తొట్టె ఉన్నవారి చేతిమీద పుండు మానకపోతే, డాక్టరు అడిగినా అడగకపోయినా, "మా ఇంట్లో చేపలున్నాయి" అని చెప్పండి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపేటప్పుడు లాబొరేటరీకి కూడా ఆ మాట చెప్పాలి. మామూలు 37 డిగ్రీల వేడిలో పెడితే ఈ క్రిమి సరిగా పెరగక, జబ్బు బయటపడకపోవచ్చు. దీనికి మందులున్నాయి. కాని నెలల తరబడి వాడాలి. నా రోగికి నాలుగు నెలలు పట్టింది.

ఇక మీ అబ్బాయికి నాలుగు మాటలు.

1. తొందరపడవద్దు. మొదటి తొట్టె 100 లీటర్లకు తగ్గకపోతే మంచిది. చిన్న తొట్టెలో నీరు త్వరగా చెడుతుంది. వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర ఉంచాలి. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే మేలుచేసే సూక్ష్మజీవులు పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాకే మొదటి చేప. ముందే వేస్తే చేపలు జబ్బుపడతాయి, చస్తాయి. జబ్బు చేపలున్న తొట్టెలో క్రిములూ ఎక్కువే, చెయ్యి పెట్టవలసిన పనీ ఎక్కువే. ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలపని శుద్ధజలమే పోయాలి.

2. మోచేతి వరకూ వచ్చే రబ్బరు తొడుగులు లేకుండా చెయ్యి పెట్టకూడదు. చేతిమీద గాటు ఉంటే ఆ పని వాయిదా వేయాలి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. గొట్టాన్ని నోటితో పీల్చి నీరు తీయకూడదు. తొట్టె సామాను వంటగిన్నెలు తోమేచోట కడగకూడదు.

3. ఉప్పునీరు కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ పీకాలి. ప్రతి తీగా ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు జారిన నీరు కిందనే కారిపోతుంది. లీకేజీ రాగానే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల పరికరం బిగించాలి.

4. లయన్ ఫిష్ జోలికి పోవద్దు. దాని ముళ్ళలో విషముంది. గుచ్చుకుంటే, 45 డిగ్రీలు మించని వేడినీటిలో అరగంట నుంచి గంటన్నర ముంచి, డాక్టరుకు చూపాలి. హేచరీలో పెరిగిన రెండు క్లౌన్ చేపలు మొదటి తొట్టెకు చాలు. పగడపు జీవులున్న రాళ్ళను శుభ్రం చేద్దామని మరిగించకూడదు. కొన్నిటిలోని విషం ఆవిరితో ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది.

చివరగా మీకు. చక్కెర వ్యాధి ఉన్నవారికి, కాలేయపు జబ్బు ఉన్నవారికి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ఉప్పునీటిలోని విబ్రియో జాతి క్రిములతో కూడా ముప్పుంది. గాటుపడిన చోట కొద్ది గంటల్లోనే ఎరుపు పాకినా, బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా, తెల్లారనిద్దాం అనుకోక ఆనాడే ఆస్పత్రికి వెళ్ళాలి.

కుర్చీ వేసుకుని హాయిగా చేపలను చూడండి. వాటికి మేత వేయడం మీ వంతు. చేతులు తడిచే పని మీ అబ్బాయి వంతు.