ఆ ఊరి మనిషికీ ఓ కుర్చీ వేయండి

అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆల్ నేషన్స్ అనే సంస్థ, పరాయి దేశాల్లో సేవకు బయలుదేరే యువ మిషనరీలకు శిక్షణ శిబిరం నడుపుతుంది. 2017లో జరిగిన శిబిరంలో ఒక ఉత్తుత్తి పల్లె కట్టారు. శిక్షణకు వచ్చినవాడు ఆ పల్లెలోకి ఒంటరిగా నడిచి వెళ్లాలి. సంస్థ మనుషులే గ్రామస్థుల వేషాలు కట్టి, వచ్చినవాడి మాట తెలియనట్టు నటిస్తూ, బొమ్మ ఈటెలతో ఎదురొస్తారు. ఆ పరీక్షలో బాగా నెగ్గాడని నిర్వాహకులు మెచ్చుకున్న కుర్రాడి పేరు జాన్ అలెన్ చౌ.

మరుసటి ఏడాది నవంబరులో అతను జాలర్లకు డబ్బిచ్చి, చట్టం వద్దన్నా అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవిలో దిగాడు. దీవివాసులు బాణం వేశారు. అది అతని బైబిలుకు తగిలింది. వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాడు. ఇక తిరిగి రాలేదు. అప్పటికి అతనికి 26 ఏళ్లు.

అతన్ని మూర్ఖుడని తేల్చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఆ మాట అనను. భాషాశాస్త్రం చదివాడు, అత్యవసర వైద్యం నేర్చుకున్నాడు, టీకాలు వేయించుకున్నాడు, తన నుంచి వాళ్లకు రోగాలు అంటకూడదని కొన్నాళ్లు ఎవరినీ కలవకుండా గడిపాడు. మన ప్రభుత్వోద్యోగి ఒకడు ఏజెన్సీకి బదిలీ అయితే ఇందులో పదో వంతు కూడా సిద్ధపడడు. లోటు శ్రద్ధలో లేదు, ఆ ఉత్తుత్తి పల్లెలో ఉంది. అక్కడ పంపేవాళ్లూ, వెళ్లేవాళ్లూ, ఎదురు తిరిగేవాళ్లూ అంతా ఒకే ఇంటివాళ్లు. ‘మా దగ్గరికి రావద్దు’ అని నిజంగా చెప్పగల మనిషి అక్కడ ఒక్కడూ లేడు.

ఇలాంటి శిబిరాలన్నీ ఒకే తీరున ఉండవు. కొలరాడోలో మిషన్ ట్రైనింగ్ ఇంటర్నేషనల్ సంస్థ కొన్ని వారాల పాటు భార్యాభర్తల్నీ పిల్లల్నీ కలిపి కూర్చోబెడుతుంది. కొత్త భాష ఎలా పట్టుకోవాలో, తోటి మిషనరీతో పేచీ వస్తే ఎలా తేల్చుకోవాలో, స్నేహితుల్ని వదిలి వెళ్లే పిల్లల బెంగ ఎలా తీర్చాలో అక్కడ నేర్పుతారు. తిరిగి వచ్చినవాళ్లకు వేరే శిబిరం ఉంది. ఇది మంచి పనే. అయితే ఇవన్నీ వెళ్లేవాళ్ల క్షేమం గురించిన సంగతులు. అవతలి వాళ్ల సంగతో?

నూరేళ్ల కిందటే మన ప్రాంతంలో పనిచేసే మనిషి ఒకాయన దీని గురించి నిలదీశాడు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన ప్రతినిధులు సుమారు 1,200 మంది, అందులో ఆసియా వాళ్లు ఇరవై లోపే. మిషనరీలను ఎలా తయారుచేయాలన్న ఒక్క అంశం మీదే ఒక సంఘం పెద్ద నివేదిక రాసింది. అంత నివేదిక ఉన్న సభలోనే వి.ఎస్. అజరయ్య లేచి, మీరు ధనం ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు కావలసింది స్నేహితులు అన్నాడు. పుట్టుకతో తమిళుడైన ఆయన అప్పటికే దోర్నకల్‌లో సేవ చేస్తున్నాడు. ఆ మాటకు కొందరు నొచ్చుకున్నారు. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే.

ఒంగోలు క్లౌ దొర కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. భూములు కొలిచే పని చేసి, మిషనరీగా వచ్చిన అమెరికన్ ఆయన. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కూటి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కానీ మాదిగ పల్లెల్లోకి ఆయనకు దారి చూపింది అమెరికాలో పొందిన తర్ఫీదు కాదు, యెర్రగుంట్ల పేరయ్య. ఆ పల్లెల్లోనే పుట్టి పెరిగిన పేరయ్య తనంతట తానే దొరను వెతుక్కుంటూ వచ్చాడు. చరిత్రలో దొర పేరు పెద్దక్షరాల్లో ఉంది, పేరయ్య పేరు ఎంతమందికి తెలుసు?

మనవాళ్లూ సముద్రం దాటారు. తోటల్లో పనికి నాటాల్ వెళ్లిన తెలుగు కూలీలు తమకో పాస్టరు కావాలని ఇంటికి కబురు పెట్టారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను తెలుగు బాప్టిస్టులు దక్షిణాఫ్రికా పంపారు. పిలుపు అవతలి నుంచి వచ్చింది, వెళ్లినవాడికి వాళ్ల భాష వచ్చు. సెంటినెల్ దీవికీ నాటాల్ తోటలకూ ఉన్న తేడా ఇదే.

ఇవాళ తెలుగు సంఘాలు కూడా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల దాకా సువార్తికులను పంపుతున్నాయి. పంపే ముందు మూడు రోజుల ఉపవాస కూడికలు, చేతులుంచి ప్రార్థనలు ఉంటాయి. వేదిక మీద పాస్టర్లుంటారు, కానుకలిచ్చిన పెద్దలుంటారు. పాస్టరు గార్లకు నా విన్నపం ఒకటే: ఈసారి ఆ అడవి ఊరి నుంచి ఒక మనిషిని పిలిపించండి. క్రైస్తవుడు కాకపోయినా పరవాలేదు, కాకపోతేనే ఇంకా మంచిది. మైకు ముందు ఆయనకు ఇవ్వండి. మీవాళ్లు మాకు అక్కర్లేదు అని ఆయన అంటే, ఆ ఏడాదికి ఆ ప్రయాణం మానుకోండి.