మన ఘటోత్కచుడు ఎవరికి లోకువ?

జపాను వారి ‘గాడ్జిల్లా’ మహాకావ్యమట. మన ‘మాయాబజార్’ లడ్డూల ముచ్చటట! ఇటీవల ఒక విద్యాధికుడు నా ఎదుట సెలవిచ్చిన తీర్పు ఇది. ఎంతమాత్రం సమ్మతించను.

‘గాడ్జిల్లా’ను తక్కువ చేయను. 1954 మార్చిలో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష వల్ల జపాను జాలరులు రేడియోధార్మిక ధూళికి గురయ్యారు. ఆ నవంబరులోనే చిత్రం వెలువడింది. దర్శకుడు ఇషిరో హోండా, మాయాదృశ్యాల నిపుణుడు ఎయిజీ త్సుబురాయా రబ్బరు తొడుగులో మనిషిని దాచి, బొమ్మల టోక్యోను తొక్కించి, ఒక జాతి భయానికి రూపమిచ్చారు.

సరే, 1957 నాటి మన చిత్రంలో లోకానుభవం లేదా? పాండవుల సిరి పోగానే రేవతీ బలరాములు ఆడినమాట తప్పి, శశిరేఖను లక్ష్మణకుమారునికి కట్టబెట్టజూస్తారు. పొలాలు కరిగిపోయిన ఇంటికి పిల్లనివ్వక మొగం చాటేసే బంధువులు మన కృష్ణా డెల్టాలో లేరా? ఘటోత్కచుని మాయ ఆ లోభం మీదనే. అతడు నగరాన్ని తొక్కలేదు. పెళ్ళిపందిట్లో బుద్ధి చెప్పాడు.

ఇక పనితనమంటారా? నూజివీడులో పుట్టిన రంగారావు నోటికి లడ్డూలు వాటంతట అవే ఎగిరివచ్చినట్లు నమ్మించింది మార్కస్ బార్ట్లే కెమెరా. అంతటి రాక్షసుడూ సావిత్రి నడకలో, చూపులో ఇమిడిపోయాడు. అందుకు ఏ రబ్బరు తొడుగూ అక్కరలేకపోయింది!

అసలు దోషం మనది. నటులకు హారతులిస్తాం, కె.వి.రెడ్డిని, పింగళిని ఎప్పుడో తలుస్తాం, బార్ట్లేను మరచేపోతాం. పొరుగింటి రాకాసిని మెచ్చుకోండి, తప్పులేదు. ముందు ఇంటి రాకాసికి పీట వేయండి.