మీ నాన్నగారు ఏం చేస్తారు?

మా హాస్టల్లో ఉండి చదువుకుని వెళ్ళిన ఒక అన్న ఈ మధ్య వచ్చి, మాతోపాటు మెస్సులో కూర్చుని భోంచేశాడు. బి.టెక్. మంచి మార్కులతో పాసైనవాడు. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళాడట. రాత పరీక్ష దాటాడు, టెక్నికల్ రౌండ్ దాటాడు. చివరికి హెచ్.ఆర్. గదిలో అడిగిన మొదటి ప్రశ్న: "మీ నాన్నగారు ఏం చేస్తారు?" హమాలీ పని చేస్తారని చెప్పాడు. రెండో ప్రశ్న: "మా కంపెనీలో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" లేరన్నాడు. ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ ఇంతవరకు రాలేదు.

ఆ రెండు ప్రశ్నల వల్లే ఉద్యోగం రాలేదని మేం నిరూపించలేం. కానీ హమాలీ పనికీ, కంప్యూటర్ ప్రోగ్రాం రాయడానికీ ఉన్న సంబంధం ఏమిటో మాకు అర్థం కాలేదు. ఆ రాత్రి లైట్లు ఆర్పేదాకా దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఈ వ్యాసం.

మిత్రులారా, ఇది మా అన్న ఒక్కడికి ఎదురైన ప్రశ్న కాదు. సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు పెద్ద కంపెనీల హెచ్.ఆర్. మేనేజర్లను కలిసి, 2007లో ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. మేం ప్రతిభ ఒక్కటే చూస్తామని ఆ మేనేజర్లు చెప్పారు. అదే నోటితో కుటుంబ నేపథ్యం కూడా ముఖ్యమే అన్నారు. ప్రతిభ మనిషిది, నేపథ్యం ఇంటిది. రెండూ ఒకటెలా అవుతాయి? అదే ఏడాది సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ మరో పని చేశారు. ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు తయారుచేసి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. అగ్రవర్ణ పేరున్న దరఖాస్తుతో పోలిస్తే దళిత పేరున్నదానికి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే ఉంది. అక్కడ మనిషిని చూసింది లేదు, మాట విన్నది లేదు. ఒట్టి పేరు!

ఇక పై అంతస్తుకు వెళ్దాం. దేశంలోని 1000 పెద్ద కంపెనీల బోర్డుల్లో ఎవరెవరు ఉన్నారో లెక్క తీసి 2012లో ప్రచురించారు. డైరెక్టర్లలో 90 శాతానికి పైగా అగ్రవర్ణాలవారు. ఎస్సీ, ఎస్టీలు ఇద్దరినీ కలిపినా 3.5 శాతమే. కింద గేటు దగ్గర "తెలిసినవాళ్ళు ఉన్నారా?" అని అడిగితే మనవాళ్ళు ఎందుకు తెల్లమొహం వేస్తారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. మనకు తెలిసినవాళ్ళు ఆ భవనంలో ఉండేది ఎక్కువగా ఊడ్చేచోట, కాపలా కాసేచోట.

కంపెనీ యజమానిది, తన డబ్బు తన కొడుక్కి పెట్టుకుంటే మీకేంటి అనేవాళ్ళున్నారు. మా గదిలోనే ఒకడు ఈ మాట అన్నాడు. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ ఒక్కరి సొత్తు కాదు. అందులో ఎవరెవరి పొదుపో ఉంటుంది, బ్యాంకుల అప్పు ఉంటుంది. చాలాచోట్ల ప్రభుత్వం ఇచ్చిన భూమి ఉంటుంది. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంగతే చూడండి. 2008 డిసెంబర్ 16న ఆ కంపెనీ బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు గారి కొడుకులు నడిపే రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. (ఇంగ్లీషులో సత్యం అక్షరాల్ని తిరగేస్తే మేటాస్ వస్తుంది!) బోర్డులో పేరున్న మేధావులు స్వతంత్ర డైరెక్టర్లుగా కూర్చున్నారు. వాళ్ళూ సరేనన్నారు. వాటాదారులు గొడవ చేస్తే గంటల్లోనే వెనక్కి తగ్గారు. సుమారు మూడు వారాలకు, 2009 జనవరి 7న, 7 వేల కోట్ల రూపాయలకు పైగా లెక్కలు తారుమారు చేశామని ఛైర్మనే ఉత్తరం రాశారు. ఆ రోజు వేలాది ఉద్యోగులు తమ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక రోడ్డు మీద నిలబడ్డారు. వాళ్ళలో మొదటితరం చదువుకున్నవాళ్ళు ఎందరో!

మంచి పేరున్నచోటా ఇదే. మా పిల్లలు కంపెనీలోకి రారని చెప్పుకున్న ఇన్ఫోసిస్‌లో, 2013లో నారాయణమూర్తి గారు తిరిగి వచ్చేటప్పుడు కొడుకును తన ఎగ్జిక్యూటివ్ అసిస్టెంటుగా వెంట తెచ్చుకున్నారు. జీతం ఏడాదికి రూపాయి అన్నారు. ఏడాదికి ఇద్దరూ వెళ్ళిపోయారు కూడా. జీతం రూపాయే కావచ్చు, ఆ కుర్చీ విలువ రూపాయి కాదు కదా.

మమ్మల్ని ఎక్కువ ఆలోచనలో పడేసింది మాత్రం సింగరేణి. మాలో ఇద్దరు గని కార్మికుల పిల్లలు. తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇచ్చే వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. అందరికీ సమాన అవకాశం ఉండాలనే రాజ్యాంగ సూత్రానికి అది విరుద్ధమంది. అదే ఏడాది సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును మార్చలేదు. ఆ తర్వాత అనారోగ్యంతో పని చేయలేకపోయినవారి పిల్లలకు కారుణ్య నియామకాలు మిగిలాయి. తీర్పు తప్పని మేం అనడం లేదు. గనిలో తండ్రి లేని నిరుద్యోగి కూడా నిరుద్యోగే. అయితే బొగ్గు తవ్వే తట్టా, చెమ్మాస్‌ వారసత్వంగా రాకూడదన్న సూత్రం, ఛైర్మన్ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతోంది? సింగరేణి ప్రభుత్వ సంస్థ కాబట్టి రాజ్యాంగంలోని 16వ అధికరణం వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీకి వర్తించదు. అంతే తేడా.

ప్రైవేటుకు అసలు చట్టమే లేదని కాదు. 2013 కంపెనీల చట్టం 188వ సెక్షన్ ప్రకారం డైరెక్టరు బంధువును నెలకు రెండున్నర లక్షల పైన జీతంతో పెట్టుకోవాలంటే వాటాదారుల తీర్మానం కావాలి. ఆ లోపు జీతాలకు బోర్డు ఒప్పుకుంటే చాలు. పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ వేరువేరు మనుషులై ఉండాలనీ, బంధువులు కాకూడదనీ సెబీ 2018లో నిబంధన తెచ్చింది. వాయిదా వేసి, చివరకు 2022లో ఇష్టమైతే పాటించండి అని వదిలేసింది. మన హాస్టల్లో హాజరు కూడా ఇష్టమైతే వేయించుకోండి అంటే ఎంత బాగుండును!

ఇదంతా రాస్తున్నప్పుడు మాకే ఒక ప్రశ్న తగిలింది. రేపు మా అన్నకు ఉద్యోగం వచ్చి, రిఫరల్ మీద మమ్మల్ని లోపలికి లాగితే అది మాత్రం బంధుప్రీతి కాదా? దీని మీద మా గది రెండుగా చీలింది. వాళ్ళు వందేళ్ళుగా చేసింది మనం పదేళ్ళు చేస్తే తప్పేంటని కొందరు. పరీక్ష తప్పించి ఇప్పిస్తే అది పక్షపాతమే, ఎవరు చేసినా అంతేనని మిగతావాళ్ళం. ఖాళీ ఉందని కబురు చెప్పడం, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పడం మాత్రం అలాంటిది కాదు. పెద్దింటి పిల్లలకు ఆ కబురు డైనింగ్ టేబుల్ మీదే అందుతుంది. మనకు అందేసరికి చివరి తేదీ దాటిపోతుంది.

అందుకే వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి. సన్మానాలు, శాలువాలు తర్వాత. మీ ఆఫీసుల్లో ఏ ఖాళీలున్నాయో, పరీక్ష ఎలా ఉంటుందో, ఏం అడిగారో, మీరేం చెప్పారో రాసి వెళ్ళండి. వార్డెన్ సారు గది బయట మేకుకు ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడదీశాం. పెన్ను పోకుండా దారంతో కట్టాం. మొదటి పేజీలో ఆ ఫోన్ రాని అన్న తన ఇంటర్వ్యూ ప్రశ్నలన్నీ రాసి వెళ్ళాడు, ఆ రెండు ప్రశ్నలతో సహా.