చెరపకూడని తప్పు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉన్నాయి. అటువంటి ఒక ఇంట, స్టేషన్ మాస్టరైన తండ్రి కుమారునికి నిజాయితీని రైళ్ళ రిజిస్టరుతో నేర్పాడు.

పక్క స్టేషను ‘లైన్ క్లియర్’ ఇచ్చిందన్న నోటిమాట చాలదు. వారిచ్చిన ప్రైవేటు నంబరు, వేళ రిజిస్టరుకు ఎక్కాలి. రాత తప్పితే చెరపకూడదు. పాత అక్షరాలు కనిపించేలా గీత కొట్టి, సరైనది పైన రాసి, పొడి సంతకం చేయాలి.

ఒకనాడు పొరుగింటి ఉద్యోగిని దొంగగా చిత్రిస్తూ పత్రికలో వార్త వచ్చింది. కుమారుడు ఆ ఇంటి పిల్లలతో ఆట మానేశాడు.

“ఎవరు చెప్పారట? ఆయననూ అడిగారా?” అన్నాడు తండ్రి.

నెల తిరగకుండానే ఆరోపణ అబద్ధమని తేలింది. పత్రిక ఒక్క ముక్కైనా రాయలేదు.

“తప్పు రాసినందుకు కాదు, బాబూ, గీత కొట్టనందుకు దీన్ని నమ్మను. 1900లో, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న పెండ్రా నుంచి మాధవరావు సప్రేగారు తెచ్చిన ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ మూడేళ్ళకే డబ్బులేక ఆగింది. ఆగిపోవడం అపకీర్తి కాదు. అబద్ధాన్ని దిద్దకపోవడం అపకీర్తి.”

కొంతసేపటికి కుమారుడు అడిగాడు: “మరి నా గీత?”

తండ్రి పొరుగింటి గుమ్మం వైపు చూశాడు. కుర్రవాడు చెప్పులు తొడుక్కున్నాడు.