ఒకే ఖాందాన్, నాలుగు చూల్హాలు

ఆజాదీ అంటే ఎవరి పొయ్యి వారు వెలిగించుకోవడమేనా? ఓపెన్ సోర్స్ దునియాలో చాలామంది అలాగే అనుకుంటున్నారు. నేను ఒప్పుకోను. ఒకే ఖాందాన్‌లో పుట్టిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకే సాఫ్ట్‌వేర్‌ను నాలుగు ఇళ్లలో నాలుగుసార్లు ప్యాకేజీ చేస్తుంటే అది ఆజాదీ కాదు. మెహనత్‌ను మట్టిలో పోయడం.

"ఇది కంప్యూటర్‌వాళ్ల గొడవ, మనకెందుకు?" అనకండి జనాబ్. మన ఇళ్లలో ఈ సాఫ్ట్‌వేర్ మీదే నౌకరీ చేసే పిల్లలున్నారు. పైగా ఈ గొడవలో మన తెలుగుకూ, మన ఉర్దూకూ నుక్సాన్ ఉంది. ఎలాగో చెప్తాను.

ముందు ప్యాకేజీ అంటే ఏమిటో సాఫ్‌గా చూద్దాం. సాఫ్ట్‌వేర్ రాసినవాడు సోర్స్ కోడ్‌ను బజార్లో పెడతాడు. దాన్ని ఎక్కడి నుంచి దించుకోవాలి, దించుకున్నది అస్లీదో నఖ్లీదో చెక్‌సమ్‌తో ఎలా పోల్చాలి, ముందుగా ఏయే లైబ్రరీలు ఉండాలి, మన సిస్టమ్‌లో కుదరని చోట ఏ ప్యాచ్ వేయాలి, ఇవన్నీ ఎవరో ఒకరు నుస్ఖాలాగా రాసిపెట్టాలి. కొత్త వర్షన్ వచ్చినప్పుడల్లా ఆ నుస్ఖాను దిద్దాలి. ఒక్కసారి వండి చేతులు కడుక్కునే దావత్ కాదిది. రోజూ వండాల్సిన ఇంటి వంట. వండేవాళ్లలో చాలామంది జీతం లేకుండా ఖిద్మత్ చేస్తున్నవాళ్లే.

ఇప్పుడు ఇల్యూమోస్ ఖాందాన్‌ను చూడండి. సన్ కంపెనీ 2005లో తన సొలారిస్‌ను ఓపెన్‌సొలారిస్ పేరుతో అందరికీ తెరిచింది. 2010లో ఒరాకిల్ సన్‌ను కొనేసి, తెరిచిన తలుపును మూసింది. అదే ఏడాది ఆగస్టులో, ఆ కోడ్‌ను బతికించుకోవడానికి ఇల్యూమోస్ మొదలైంది. ఆ విరాసత్‌కు ఇవాళ వారిసులు ఓపెన్‌ఇండియానా, ఆమ్నిఓఎస్, స్మార్ట్‌ఓఎస్, ట్రిబ్లిక్స్ వగైరా. కెర్నల్ అందరికీ ఒకే చోటి నుంచి వస్తుంది. లేకిన్ వంట మాత్రం వేరు. ఓపెన్‌ఇండియానా, ఆమ్నిఓఎస్ రెండూ ఐపీఎస్ అనే ఒకే ప్యాకేజీ పద్ధతి వాడతాయి, అయినా నుస్ఖాల కితాబులు రెండు. స్మార్ట్‌ఓఎస్ ప్యాకేజ్‌సోర్స్ వాడుతుంది. ట్రిబ్లిక్స్ పాత సొలారిస్ కాలపు ఎస్‌వీఆర్4 ప్యాకేజీలు పట్టుకుని నడుస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రంధ్రం బయటపడితే ఇన్ని ఇళ్లలో ఇంతమంది అదే రాత్రి అదే పని చేయాలి. చేతులే తక్కువున్న ఖాందాన్ ఇది!

కలిసి వండుకోవడం కుదరని పనా? మిసాల్ కళ్ల ముందే ఉంది. ఫ్రీబీఎస్‌డీ వాళ్ల పోర్ట్స్‌ను తీసుకుని 1997లో నెట్‌బీఎస్‌డీ వాళ్లు ప్యాకేజ్‌సోర్స్ మొదలుపెట్టారు. తమ ఇంటికే దాచుకోలేదు. ఇవాళ అది లినక్స్ మీద, మాక్ మీద, ఇల్యూమోస్ మీద కూడా నడుస్తుంది. 3 నెలలకోసారి స్థిరమైన శాఖ విడుదలవుతుంది. డెబియన్‌ను చూడండి. ఒకరు అక్కడ లోహిత్ తెలుగు ఫాంటును ప్యాకేజీ చేస్తే అది ఉబుంటుకు వస్తుంది, ఉబుంటు నుంచి మింట్‌కు వస్తుంది. ఒక్కరి మెహనత్, మూడు ఇళ్లకు రిజ్క్.

మన నుక్సాన్ ఇక్కడే ఉంది. చేతులు తక్కువైన వంటింట్లో ముందు వండేది బ్రౌజర్, డేటాబేస్, వెబ్ సర్వర్. నస్తాలీక్ ఫాంటు, తెలుగు కీబోర్డు లాంటివి అందరికన్నా ఆఖర్న. ఒకే పని నాలుగుసార్లు చేసి అలసిపోయినవాళ్లు ఆ ఆఖరి గిన్నె దాకా రాలేరు. పెద్ద జబాన్‌ల వాళ్లకు ఈ దుబారా తెలియదు. తగిలేది మనకే.

ఇక ఏతెరాజ్‌లు. "డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ వాళ్లు కొన్నేళ్లు ప్యాకేజ్‌సోర్స్ వాడి 2013లో వదిలేశారు కదా?" అంటారు. వదిలేశారు, నిజమే. వదిలి ఎక్కడికి పోయారు? సొంత చూల్హా పెట్టుకోలేదు. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌నే తీసుకుని, తమకు తేడా ఉన్నచోట మాత్రం దిద్దుకునేలా డీపోర్ట్స్ చేసుకున్నారు. ఒక సాంఝా దేగ్ నుంచి ఇంకో సాంఝా దేగ్‌కు మారారు, అంతే.

"ఎవరి మిజాజ్ వారిది" అని రెండో మాట. ఆమ్నిఓఎస్ సర్వర్ కోసం, అందుకే తక్కువ ప్యాకేజీలతో ఉంటుంది. ఓపెన్‌ఇండియానాకు డెస్క్‌టాప్ కావాలి. ఉండనివ్వండి. ఉప్పు, కారం ఎవరింట్లో వారు వేసుకుంటారు. బియ్యంలో రాళ్లు ఏరే పని ఒక్కసారి చేస్తే చాలు కదా!

మూడోది గట్టి ఏతెరాజ్, దానికి ఇజ్జత్ ఇచ్చే జవాబ్ చెప్పాలి. "దేగ్ ఒకటే అయితే విషం కూడా అందరికీ ఒకేసారి." 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వర్షన్లలో దొంగ తలుపు బయటపడింది. కానీ ఆ విషం ఏ వంటింట్లోనూ కలవలేదు. మిల్లులోనే కలిసింది. ఒంటరిగా అలసిన మెయింటెయినర్ దగ్గర నమ్మకం సంపాదించిన మనిషే కలిపాడు. అది లినక్స్ కోసం తయారైన విషం కాబట్టి వేరే కెర్నల్‌వాళ్లకు పనిచేయలేదు. అలా కాపాడింది సిస్టమ్‌ల మధ్య తేడా, నుస్ఖాను నాలుగుసార్లు రాసుకోవడం కాదు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, డెబియన్ అన్‌స్టేబుల్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని షక్ వచ్చి. అందరూ తినే దేగ్ మీదే ఎక్కువ కళ్లు ఉంటాయి. నాలుగు చోట్ల నాలుగు నిద్రముఖాల కన్నా అది నయం.

కెర్నల్‌లు కలిపేయమని నేననడం లేదు, పేర్లు చెరిపేయమనీ అనడం లేదు. నేను అడిగేది రెండే. వేసిన ప్రతి ప్యాచ్‌ను ముందు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకే పంపండి, అప్పుడు ఏ ఇంటికీ దాని అవసరం ఉండదు. ఒకే ఐపీఎస్ వాడే ఇద్దరు అన్నదమ్ములు కనీసం ప్యాచ్‌లకైనా ఒకే సందూక్ పెట్టుకోండి. రెంటికీ జిద్ వదలడం తప్ప ఖర్చేమీ లేదు.

ఇంట్లో కోడ్ రాసే బేటా, బేటీ ఉంటే ఒక మాట చెప్పండి. ఇంకో కొత్త డిస్ట్రో పెట్టి దానికి తమ పేరు పెట్టుకోవద్దని. ప్యాకేజ్‌సోర్స్‌లో కొత్తవాళ్లు పని నేర్చుకునేందుకు డబ్ల్యూఐపీ అని వేరే దర్వాజా ఉంది. అందులో ఒక్క ప్యాకేజీ జిమ్మేదారీ తీసుకోమనండి. ఆ ఒక్కటీ ఎన్ని ఇళ్లకు చేరుతుందో వాళ్లే చూస్తారు.