నొప్పికి మార్కులు

జ్వరమెంతో థర్మామీటరు చెబుతుంది. రక్తపుపోటెంతో చేతికి పట్టీ చుట్టి చెప్పేస్తారు. నొప్పి మాత్రం అనుభవించేవారు చెబితే తప్ప తెలియదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి చూడండి, పళ్ల బిగువున ఓర్చుకుంటూ "ఫరవాలేదు" అంటారు.

మా పెద్దత్తయ్యకు పిత్తాశయంలో రాళ్లకు పొట్ట కోసి ఆపరేషను చేసినప్పుడు పక్కన నేనే వున్నాను. నర్సమ్మ వచ్చి, "సున్న నుంచి పది వరకు నొప్పికి ఎన్ని మార్కులు వేస్తారు, మామ్మగారూ?" అన్నది. "నొప్పికి మార్కులేమిటమ్మా, ఇదేమన్నా పరీక్షా?" అని, చివరికి మొహమాటానికి "రెండు" అన్నదావిడ. ఆ పిల్ల రెండు వేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం డ్యూటీకి వచ్చిన నర్సమ్మ కాస్త వయసు మళ్లినది. లెక్కలు మానేసి, "సలుపుతోందా, పొడుస్తోందా, మండుతోందా? దగ్గితే ఎలా వుంటోంది?" అని అడిగింది. "కదలకుండా పడుకుంటే బాగానే వున్నదమ్మా. దగ్గితే కుట్లు చీల్చుకుపోతున్నట్లుంటోంది. అందుకే పొద్దుటి నుంచి దగ్గు బిగబట్టుకుంటున్నాను" అన్నది అత్తయ్య. నర్సమ్మ వెంటనే డాక్టరుగారిని పిలిపించింది. పొట్ట కోసినవారు దగ్గకుండా, గుండెనిండా ఊపిరి తీయకుండా వుంటే ఛాతీలో కఫం చేరి న్యుమోనియాకు దారి తీయవచ్చునట. మందు మార్చారు. పొట్టకు దిండు అదుముకుని దగ్గడం నేర్పారు.

మాటల్లో ఇంత సంగతి వున్నదని గ్రహించిన వాడు కెనడాలో మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1975లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పేర ఒక ప్రశ్నావళి ప్రకటించాడు. నొప్పిని వర్ణించే 78 మాటలు, 20 గుంపులుగా. మనకేం తక్కువ? పుండు సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, పన్ను జివ్వుమంటుంది, కడుపు మెలిపెడుతుంది, నడుము కలుక్కుమంటుంది. మంటగానో, కరెంటు షాకు కొట్టినట్లో వుంటే అది నరాలకు సంబంధించినదేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. దానికి వాడే మందులు వేరు. ఇన్ని మాటలు ఇంట్లో వాడుతూ, ఆసుపత్రి గడప తొక్కగానే "నొప్పండీ" అని ఊరుకుంటాం!

చిన్నపిల్లలకు బొమ్మలున్నాయి. అమెరికాలో వాంగ్, బేకర్ అనే ఇద్దరు స్త్రీలు 1980ల్లో తయారుచేసిన ఆరు మొహాలు, నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా. పిల్లవాడు ఏడవడం లేదు గదా అని ఏడుపు మొహాన్ని మీరు కాదనకండి. కన్నీరు లేకపోయినా నొప్పి అంతా వుండవచ్చు.

నోట మాట లేనంత మాత్రాన నొప్పి లేనట్లు కాదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం వారు 2020లో సవరించిన నిర్వచనానికి జోడించిన వివరణలో చెప్పారు. గొంతులో గొట్టం వున్నవారు తెలివిలో వుంటే, ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కన్ను మూయమనండి. ఒక్కొక్క ప్రశ్నే అడగండి. "నొప్పా, దాహమా?" అని రెండూ కలిపి అడిగితే పాపం, వారు ఎన్నిసార్లు మూయాలి?