కోరి తెచ్చుకున్న అలసట

పడమటి ప్రకాశంలో ఊళ్లు కళకళలాడేది ఏడాదిలో కొన్నాళ్లే. బేల్దారి పనులకు పోయినవాళ్లూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పోయినవాళ్లూ సంక్రాంతికి ఒకే బస్సులో దిగుతారు. మొదటి రోజు ఇంటికీ, రెండో రోజు చుట్టాలకూ సరిపోతుంది. మూడో రోజు తెల్లవారకముందే ఊరి బయట టీ అంగడి దగ్గర నాలుగైదు బైకులు చేరతాయి. పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఒకడి సంచిలో బొరుగులు, శెనక్కాయలు. ఇంకొకడి దగ్గర అమ్మ కట్టిచ్చిన చపాతీలు. మార్కాపురం, కనిగిరి వైపు వాళ్లయితే భైరవకోన అంటారు. గిద్దలూరు, రాచర్ల వాళ్లు నెమలిగుండం అంటారు. రెండు రోజులు వీలున్నవాళ్లు పోరుమామిళ్ల, మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా గండికోట దాకా పోయి గుడారం వేసుకుంటారు.

ఈ ఊళ్లలో వెనకటికి విహారమంటే ఎండను తప్పించుకోవడమే. డబ్బున్నవాళ్లు ఊటీ పోయేవాళ్లు, లేనివాళ్లు కార్తీకంలో తోపులో వనభోజనం చేసి ఉసిరి చెట్టు కింద కునుకు తీసేవాళ్లు. పచ్చదనం, నీడ, నీళ్లు: కరువు చూసిన మనిషి సెలవులో కోరుకునేవి ఈ మూడే. ఇప్పటి కుర్రాళ్లు దానికి ఎదురు దారి పట్టారు. నీడలేని రాతి అంచు వెతుక్కుంటూ పోతున్నారు. కాళ్లు పీకేదాకా నడుస్తారు, లోయలోకి దిగుతారు, మళ్లీ ఎక్కుతారు. సాయంత్రానికి మొహాలు నల్లబడి, చెప్పుల పట్టీలు తెగి, మహదానందంగా తిరిగొస్తారు.

అరుగు మీద కూర్చున్న అవ్వకు ఇది అంతుబట్టదు. "పనీ పాటా లేకనా నాయనా, ఆ గుట్టలెక్కేది?" అంటుంది. వెక్కిరింపులా వినిపించినా అది నిజంగానే అడిగిన ప్రశ్న. ఆమె వయసులో ఉన్నప్పుడు దిగుడు బావి మెట్లు దిగింది నీళ్ల కోసం. గుట్టెక్కింది కట్టెల కోసం, మేకల కోసం. ఫ్లోరైడు లేని బిందెడు నీళ్లకు పక్క ఊరి దాకా నడిచింది. ఆమె మొగుడు పలకరాయి గనిలోకి దిగి ఎక్కాడో, పట్నంలో మేస్త్రీ కింద ఇటుకలు మోశాడో. ఆ ఇంట్లో అలసట కూలికి వచ్చేది, ఆకలికి వచ్చేది. సెలవు పెట్టి, పెట్రోలు పోయించుకుని, చేతి డబ్బుతో అలసట కొని తెచ్చుకునే మనిషిని ఆమె ఇప్పుడే చూస్తోంది.

ఆ ప్రశ్నకు సగం జవాబు రాళ్ల దగ్గర ఉంది. గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయింది. అంచున నిలబడితే కింద దాదాపు 300 అడుగుల లోతున నది. రెండు పక్కలా అలమారలో దొంతులు పెట్టినట్టు ఎర్రరాతి పలకలు. ఎడారి అనిపించే ఆ చోట కంటికి కనిపించేదంతా నీటి పనితనమే. చుక్క నీరు కరువైన నేల మీద నీరు ఎంత పని చేసిపోయిందో చదవాలంటే ఇలాంటి లోయే కావాలి. పచ్చటి కొండ ఆ లెక్కను ఆకుల కింద దాచేస్తుంది.

అది పొరుగు జిల్లా వింత అనుకోనక్కర్లేదు. కడప లోయకీ మన నల్లమలకూ తల్లి ఒక్కటే. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన పాత సముద్రపు అడుగున పేరుకున్న బురద, ఇసుక గట్టిపడి రాళ్లయిన ఆ ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. అందులోని ఒక పొరకు గండికోట పేరు పెట్టారు, మరో పొరకు కంభం పేరు పెట్టారు. ఈ బేసిన్ గురించి చదివినవాడికి కంభం అంటే ముందు గుర్తొచ్చేది రైల్వే స్టేషను కాదు, ఆ రాయి. మార్కాపురం పలక ఆ రాతి కుటుంబంలోదే. బురద పొరలు నొక్కుడుకు గట్టిపడి రేకులు రేకులుగా విడిపోయే రాయి అయింది. దాన్ని చీల్చి, చట్రం బిగించి దేశమంతా పంపారు. మన తాతలు అ, ఆలు దిద్దింది ఆ సముద్రపు అడుగు మీదనే.

ఆ పలక మీద దిద్దినవాళ్ల మనవళ్లు ఇప్పుడు అరిజోనాలోనూ టెక్సస్‌లోనూ ఉన్నారు. లాంగ్ వీకెండ్ వస్తే నాలుగు కుటుంబాలు రెండు కార్లలో గ్రాండ్ కాన్యన్ పోతాయి. 446 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 1,800 మీటర్లు మించిన లోతు. అంత దూరం పోయిన తెలుగువాడికి అక్కడొక చుట్టరికం ఎదురవుతుంది. లోయ అట్టడుగున ఉన్న నల్లటి రాతికి విష్ణు అని పేరు, పక్కనే బ్రహ్మ. పైనున్న శిఖరాల్లో ఒకదాన్ని శివాలయం అంటారు. 19వ శతాబ్దంలో ఆ లోయను పరిశీలించిన క్లారెన్స్ డట్టన్ అనే శాస్త్రవేత్తకు ఆ శిఖరాలు తూర్పు దేశాల గుళ్లను తలపించాయి, ఈ పేర్లకు మొదలు అదే. పులిహోర పొట్లం విప్పుకుంటూ ఆ పేర్లు చదివితే ఎవరికైనా నవ్వు రాక మానదు.

లోయకు ఒక నియమం ఉంది. అక్కడి రేంజర్లు వచ్చినవాళ్లందరికీ దాన్నే మళ్లీ మళ్లీ చెబుతారు. కొండెక్కేవాడు అలిసిపోతే సగంలో వెనక్కి తిరిగి దిగొచ్చు, దిగుడు తేలిక. లోయలో ఆ వెసులుబాటు లేదు. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఉత్సాహంగా దిగుతాం, సత్తువ అయిపోయి ఎండ నడినెత్తికి వచ్చాక ఎక్కుడు మొదలవుతుంది. దిగడం మన ఇష్టమే, ఎక్కడం మాత్రం తప్పదు. నదిదాకా దిగి అదే రోజు పైకి రావాలని చూడొద్దని వాళ్లు బతిమాలుకుంటారు. ఎండాకాలం ఆ అడుగున 40 డిగ్రీలు దాటుతుంది, పగలంతా కాగిన రాయి చీకటి పడ్డాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఎండ ఒక ముప్పు, రెండోది వాన. 1997 ఆగస్టు 12న అరిజోనాలోనే యాంటిలోప్ కాన్యన్‌లో ఒక్కసారిగా వచ్చిన వరద 11 మందిని పొట్టన పెట్టుకుంది. వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ల అవతల. గుండ్లకమ్మ ఒడ్డున పుట్టినవాడికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇక్కడ ఎండ కాస్తుండగానే నల్లమలలో పడ్డ వాన వాగులోకి వస్తుంది. తెలిసి కూడా గుండంలోకి దూకి, రీలు కోసం అంచున వెనక్కి నడిచి ప్రాణాలు పోగొట్టుకుంటున్న పిల్లలున్నారు. లోయ అందం ఎక్కడికీ పోదు. వచ్చే సంక్రాంతికి వచ్చి చూడటానికి మనం ఉండాలి.

ఇక అవ్వ ప్రశ్నకు మిగతా సగం జవాబు నడిచే గుంపులో ఉంది. నలుగురు కలిసి ఎండలో నడిచేటప్పుడు హోదాలు మొదటి గంటలోనే రాలిపోతాయి. లక్షల జీతగాడు ముందే ఆయాసపడతాడు. ఊళ్లోనే ఉండి ట్రాక్టరు తోలుకునేవాడు రాయి మీంచి రాయి మీదికి అడుగేస్తూ దారి చూపిస్తాడు. ఆఖరి సీసాలో అరచేతి ఎత్తు నీళ్లు మిగిలినప్పుడు చూడాలి ఆ గుంపును. సీసా చేతులు మారుతుంది. పెదవి తగలకుండా ఎత్తి పోసుకుంటారు, గొంతు కదలడం అందరూ చూస్తూనే ఉంటారు. "రెండు గుక్కలేరా, వెనక సీనుగాడు వస్తున్నాడు" అంటాడొకడు. రెండో గుక్క దగ్గర చెయ్యి ఆగుతుంది. ఆఖర్న వచ్చినవాడు సీసా ఎత్తి చూసి, తాగకుండా, "ముందు నువ్వు తాగు బావా" అని ఇంకొకడికి ఇస్తాడు. ఫోన్లో రోజూ గుడ్ మార్నింగులు పంపుకునే వాట్సాప్ గ్రూపులో ఇంత మాట పుట్టదు. కూలికి పడ్డ కష్టం కడుపు నింపితే, కోరి పడ్డ కష్టం మనుషుల్ని దగ్గర చేస్తుంది.

నిజానికి ఈ ఆనందం అవ్వకు తెలియనిదేం కాదు. ఆమె దాన్ని మొక్కు అంటుంది. నల్లమలలో నడక అనాదిగా ఉన్నదే. అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలోనే శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఈనాటికీ ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేల మంది అడవిలో నడిచి, భీముని కొలను లోయలోకి దిగి, అంతే నిటారుగా ఎక్కి కైలాసద్వారం చేరతారు. శివరాత్రికి మన వైపు నుంచీ నడిచేవాళ్లున్నారు. కాళ్లకు బొబ్బలు, దారి పొడవునా పాటలు, ఒకరి మూట ఒకరు మోయడం, ఎవరో పోసిన మజ్జిగ. మొక్కు అన్న పేరు తీసేస్తే కుర్రాళ్ల ట్రెక్కింగుకీ దీనికీ ఎంత తేడా? అవ్వ దేవుడి కోసం నడిచానంటుంది, మనవడు ఊరికే నడిచానంటాడు. ఇద్దరూ నడిచింది తోడు కోసం కూడా.

అయితే ఇద్దరి మధ్యా ఒక తేడాను మరిచిపోకూడదు. ఈ కొండల సందుల్లో మన ముందువాళ్లు చేసిన పని చాలా వరకు బతుకు కోసం చేసిందే. భైరవకోనలో ఒకే కొండను తొలిచి ఎనిమిది గుహాలయాలు మలిచారు. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. లోపలికి వంగి వెళ్లి గోడ మీద చెయ్యి పెడితే ఉలి గాట్లు వేళ్లకు తగులుతాయి. కంభం దగ్గర రెండు కొండల మధ్య గండిని మట్టితో, రాతితో మూసి గుండ్లకమ్మను ఆపారు. విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే ఆ చెరువుకు 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ గుర్తింపు వచ్చింది. రాణి పేరు మిగిలింది, తట్టలు మోసినవాళ్ల పేర్లు మిగల్లేదు. మన కళ్లముందే వెలిగొండ సొరంగాల కోసం మనుషులు కిలోమీటర్ల కొద్దీ కొండ కడుపులో పనిచేశారు. మనం ఫొటో దిగే ప్రతి మెట్టు వెనకా ఎవరో కోరుకోని చాకిరీ ఉంది.

ఆ చాకిరీ ఇప్పటికీ ఉంది. నల్లమల 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అడవి. అక్కడ ఇష్టం వచ్చినచోట దిగి నడవడానికి వీల్లేదు, రాత్రయితే దోర్నాల దగ్గర గేటు పడుతుంది. ఆ గేటు మనకు చిరాకు, అడవికి నిద్ర. లోపల కాలిబాటల వెంట రోజూ తిరిగే రక్షణ సిబ్బందిలో చెంచులు ఎందరో. మనం ఒక్కరోజు నడిచి నెలపాటు చెప్పుకునే దూరాన్ని వాళ్లు డ్యూటీ కింద నడుస్తారు. పులి అడుగు ఎప్పటిదో మట్టి చూసి చెప్పే ఆ చదువుకు సర్టిఫికెట్ లేదు కాబట్టి జీతమూ అంతంతమాత్రమే.

అందుకే పడమటి ప్రకాశానికి పర్యాటకం కావాలని అడిగేవాళ్లు రిసార్టులతో మొదలుపెట్టకపోతే మేలు. భైరవకోన, నెమలిగుండం లాంటి చోట్ల తాగే నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, లోతు తెలిపే బోర్డు, వాన హెచ్చరిక అందగానే దారి మూసే మనిషి: ఖర్చు తక్కువ, అవసరం ఎక్కువ. దారి చూపించే పని ఆ పక్క ఊరి కుర్రాళ్లకూ, గూడెం పిల్లలకూ శిక్షణతో, గుర్తింపు కార్డుతో, తగిన కూలితో దక్కాలి. బేల్దారికి పోయినవాళ్లలో కొందరైనా పండక్కి మాత్రమే రావడం మాని, ఊళ్లోనే ఉండిపోవడానికి అది ఒక దారి కావచ్చు.

పోయేవాళ్లకు చెప్పేదీ కొంచెమే. మోసుకెళ్లిన సీసాను ఖాళీ అయ్యాక మోసుకురావడం బరువేం కాదు. దారి చూపినవాడి దగ్గర యాభైకి బేరమాడి, తిరుగు దారిలో హోటల్లో ఐదువందలు టిప్పు పెట్టడం మర్యాద కాదు. అలసటను కోరి తెచ్చుకునే స్తోమత ఒక తరానికి కొత్తగా వచ్చింది, సంతోషమే. ఆ స్తోమత ఇంకా రానివాళ్లు అదే దారిలో ఎదురైనప్పుడు పక్కకు జరిగి ముందు వాళ్లను పోనివ్వడం ఈ విహారంలో నేర్చుకోవలసిన మొదటి మర్యాద.